చెరువు చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్లన్నీ ఒక్కటై చెరువును కాపాడుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎక్కడ మొదలుపెట్టాలి?

తూర్పు బాల్కనీ

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ పడమటి శివారు. ఇంచుమించు పాతిక ఎకరాల చెరువు పక్కన ఫ్లాట్ కొనుక్కున్నాం. చెరువు పేరు కావాలనే రాయడం లేదు, కారణం కిందికి చదివితే తెలుస్తుంది.

చెరువు చుట్టూ నాలుగు అపార్ట్‌మెంట్లు, ఒక విల్లాల కాలనీ, ఎగువన ఇంకా ఇళ్లు లేని ప్లాట్ల వెంచర్, కట్ట కింద పాత ఊరు ఉన్నాయి. మేం వచ్చిన కొత్తలో చలికాలం పొద్దున్నే కొంగలు, నీటికోళ్లు కనిపించేవి. ఇప్పుడు సగానికి పైగా గుర్రపుడెక్క కమ్మేసింది. సాయంత్రం ఆరు దాటితే చెరువు వైపు కిటికీలు ఎవరూ తెరవరు. మా అమ్మకు ఆస్తమా. వాసన ఎక్కువున్న రోజు రాత్రంతా కూర్చునే ఉంటుంది.

వాట్సాప్ గ్రూపులో దీని మీద రోజూ గొడవే. సగం మంది కంప్లయింట్ పెడదామంటారు. మిగతా సగం "గెలికితే హైడ్రా (చెరువుల ఆక్రమణలు కూల్చే సర్కారు సంస్థ) వస్తుంది, ముందు మన గోడే కూలుతుంది, ఫ్లాట్ రేట్లు పడిపోతాయి, నోరు మూసుకుని ఉండండి" అంటారు. పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు మా మురుగే చెరువులోకి పోతోందంటారు, మావాళ్లు వాళ్లదే అంటారు. ఊరివాళ్లతో ఎవరికీ మాటల్లేవు.

అందరినీ ఒక చోట కూర్చోబెట్టాలనుంది. ఎక్కడైనా ఇలా జరిగిందా? మొదట ఏం చేశారు? డబ్బు ఎలా? దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కట్టమైసమ్మ వీధి

తమ్ముడూ, ముందు మీ అమ్మగారి గదిని చెరువుకు అవతలి వైపుకు మార్చండి. చెరువు బాగుపడడానికి ఏళ్లు పడుతుంది, ఆవిడ అన్నాళ్లు ఆగలేరు.

మాది నగరానికి ఉత్తరాన, మీ చెరువుకంటే చిన్నది. చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఒక కాలనీ, ఒక పాత ఊరు. అందరం కలిసి సంఘం పెట్టుకున్నాం. బ్యాంకులో పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి కోశాధికారి పని నాకిచ్చారు. నేను చెప్పేదంతా బిల్లుల వైపు నుంచే ఉంటుంది, ఏమనుకోకండి.

గుర్రపుడెక్కతో మొదలుపెట్టకండి. అందరి కంటికీ ముందు కనపడేది అదే కాబట్టి అందరూ దాని మీదే పడతారు. అనుకూలంగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. మురుగు వస్తున్నంత కాలం దానికి తిండి అందుతూనే ఉంటుంది. మీరు డబ్బు పోసి తీయించినా వానాకాలం వెళ్లేసరికి మళ్లీ అంతే.

మేం మొదట చేసింది చెరువు చుట్టూ నడవడం. మే నెలలో, పొద్దున ఏడున్నరకు. ఆ నెల, ఆ వేళ రెండూ ముఖ్యమే. వానల్లో అన్ని పైపుల్లోంచీ నీళ్లొస్తాయి, ఏది వాన నీరో ఏది మురుగో తేల్చలేరు. మే నెలలో తడిగా ఉన్న పైపంటే దాని వెనక ఎవరిదో బాత్రూమ్ ఉన్నట్టే. ఏడున్నర స్నానాల వేళ, ఏ పైపు ఎంత జోరుగా వదులుతోందో అప్పుడే తెలుస్తుంది. ప్రతి అసోసియేషన్ నుంచి ఇద్దరు, ఊరి నుంచి ఇద్దరు వచ్చారు. ఎవరి గోడ వాళ్లే చూసుకుని రావడం కుదరదని, అందరూ కలిసి అన్నీ చూడాలని ముందే ఒప్పుకున్నాం. ఒకరు ఫోటో తీస్తే ఇంకొకరు నోట్‌బుక్‌లో రాశారు. పాత ఊరి మోరీయే చెరువును పాడుచేస్తోందని అప్పటిదాకా మా అపార్ట్‌మెంట్లన్నిటా ఒకటే మాట. ఊరి మోరీ నిజంగానే ఉంది. కానీ దానికి మూడింతలు మా కాంపౌండ్ గోడల కింద నుంచే దిగుతోంది. ఊరి నుంచి వచ్చిన పెద్దాయన అదంతా చూసి ఒక్క మాట కూడా అనలేదు. ఆయన ఆ మర్యాద నిలబెట్టాడు కాబట్టే మా సంఘం నిలబడింది.

అందరికీ ఎస్‌టీపీలు, అంటే మురుగును శుద్ధి చేసే ప్లాంట్లు ఉన్నాయి, ఉన్నా మురుగు ఎలా వస్తోంది? ఇక్కడే నా బిల్లులు పనికొచ్చాయి. మా బ్లాకుల్లో ఎస్‌టీపీకి విడిగా మీటర్ ఉంది. ఎస్‌టీపీలో కరెంటు ఎక్కువ తినేది బ్లోయర్. మురుగును తినే సూక్ష్మజీవులకు గాలి అందించేది అదే, అది రాత్రింబవళ్లు తిరగాలి. ఫ్లాట్లు నిండుతున్నకొద్దీ ఆ మీటర్ బిల్లు పెరగాలి కదా? మాది తగ్గుతూ వచ్చింది. మెయింటెనెన్స్ తగ్గించమని మనవాళ్లు పోరుతుంటే, ఆపరేటర్ రాత్రిపూట బ్లోయర్ కట్టేసేవాడు. అతన్ని నేను తప్పుపట్టను, ఖర్చు తగ్గించమని చెప్పింది మనమే. మీరు కూడా రెండేళ్ల ఎస్‌టీపీ కరెంటు బిల్లులు ఒక వరుసలో పెట్టి చూడండి. బిల్లు చేతిలో పెట్టుకుని మాట్లాడితే ఎవరినీ దొంగ అనాల్సిన అవసరం రాదు.

దాని తర్వాత సీసాల మీటింగ్ పెట్టాం. ఇది మీరూ తప్పకుండా చేయాలి. ప్రతి అపార్ట్‌మెంట్ వాళ్లు తమ ఎస్‌టీపీలో గాలి ఆడే ట్యాంకు నుంచి, బ్లోయర్ నడుస్తుండగా, లీటరు గీతలున్న గాజు జాడీ నిండా నీళ్లు ముంచి తేవాలి. అన్నీ ఒకే బల్ల మీద పెట్టి అరగంట కదపకూడదు. బాగా పనిచేసే ప్లాంటుదైతే గోధుమ రంగు బురద ముద్దగా కిందికి దిగుతుంది. లీటరులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా బురద, పైన తేరిన నీళ్లు. మా బల్ల మీద ఒక జాడీ సరిగ్గా అలాగే తేరింది. పక్క జాడీలో అడుగున వేలెడు మందం కూడా లేదు, పైనంతా బూడిద రంగు నీళ్లే, మూత తీయగానే కుళ్లు కంపు. అంటే ఆ ట్యాంకులో పనిచేసే జీవులే లేవు, వచ్చిన మురుగు వచ్చినట్టే పోతోంది. ఆ బ్లాక్ ప్రెసిడెంట్ గారు కుర్చీలోంచి లేచి జాడీ దగ్గరికి వచ్చి వంగి చూశారు. లేబొరేటరీ రిపోర్టులు ఆయన ఫైల్ నిండా ఉన్నాయి, అన్నిట్లోనూ అంతా బాగుందనే ఉంది. ఆయనతో ఎవరూ వాదించలేదు. ఆ నెలలోనే బ్లోయర్‌కు కొత్త మోటారు వచ్చింది.

డబ్బు గురించి అడిగారు. చెరువు కోసం చందా అంటే ఎవరూ ఇవ్వరు, నిజం చెప్తున్నా. మేం అన్ని ఎస్‌టీపీల నిర్వహణను కలిపి ఒకే కాంట్రాక్టుగా ఇచ్చాం. అన్నీ ఒకే చోట ఉంటే రేటు దిగుతుంది, ఆపరేటర్ లీవు పెడితే పక్క ప్లాంటు మనిషి చూసుకుంటాడు. అలా మిగిలినదే చెరువు ఖాతాలోకి వెళ్తుంది. శుద్ధి చేసిన నీళ్లను ముందు తోటలకు, ఫ్లష్‌లకు వాడి, మిగిలింది చెరువులోకి వదులుతున్నాం. ఎండాకాలం చెరువుకు ఆ నీళ్లే దిక్కు కాబట్టి అవి మంచివై ఉండాలి.

ఇలా ఎక్కడైనా జరిగిందా అంటే, బెంగళూరు జేపీ నగర్‌లో పుట్టెనహళ్లి చెరువు చూడండి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ట్రస్టు పెట్టుకుని, 2011లో అక్కడి కార్పొరేషన్‌తో ఒప్పందం రాసుకుని నిర్వహణ తీసుకున్నారు. అదే బెంగళూరులో జక్కూరు చెరువుకు శుద్ధి చేసిన నీళ్లు నేరుగా పోవు, ముందు జమ్ము, తుంగ పెరిగిన చిత్తడి గుండా వెళ్లి, మిగిలిన మలినం అక్కడ వదిలి చెరువులో కలుస్తాయి. మన దగ్గర నెక్నాంపూర్ చెరువులో 2018లో తేలే తెప్పల మీద వట్టివేరు, మెట్టతామర లాంటివి పెంచి, వేళ్లతో నీళ్లను శుభ్రం చేయించారు. వెళ్లి చూడండి. కానీ పైపులు మూయకుండా తెప్పలు మాత్రం వేస్తే నాకు నమ్మకం లేదు. మురుగు పారుతున్న చెరువులో తెప్ప ఎంతని తాగుతుంది?

కూల్చివేతల భయం గురించి ఇక్కడ నాకంటే బాగా చెప్పగలవాళ్లున్నారు.

అలుగు మట్టం

నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేశాను. భయం గురించి చెప్తాను.

పాతిక ఎకరాలన్నారు, మీ సమస్య అక్కడే ఉంది. 2012 బిల్డింగ్ రూల్స్ ప్రకారం, అంటే జీవో 168, పది హెక్టార్లు ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి అంచు) నుంచి 30 మీటర్ల బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ జాగా, వదలాలి. పది హెక్టార్లకు తక్కువైతే 9 మీటర్లు చాలు. పది హెక్టార్లు అంటే 24 ఎకరాల 28 గుంటలు. రికార్డులో మీ చెరువు ఈ పది హెక్టార్ల హద్దుకు ఎటువైపు ఉందో తెలియకుండా మీ గ్రూపులో ఎంత కొట్టుకున్నా ప్రయోజనం లేదు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో మీ చెరువు మ్యాపు ఉందా, ప్రిలిమినరీ నోటిఫికేషన్ దగ్గరే ఆగిందా, ఫైనల్ అయిందా చూడండి. ప్రిలిమినరీలో ఉంటే అభ్యంతరాలు చెప్పుకోవడానికి మీకూ, ఊరివాళ్లకూ ఇంకా అవకాశం ఉన్నట్టే. దానితోపాటు గ్రామ నక్షా (ఊరి రెవెన్యూ పటం) తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఎఫ్‌టీఎల్‌ను నిర్ణయించేది అలుగు, అంటే నిండిన చెరువు నుంచి మిగులు నీళ్లు పొర్లిపోయే రాతికట్టు. నీళ్లు అలుగు మట్టానికి నిండుగా నిలిస్తే వాటి అంచు ఎంతదాకా వస్తుందో అంతదాకా చెరువే. అలుగును రెండడుగులు పగలగొట్టి మట్టం దించితే ఎగువన ఎకరాల కొద్దీ నేల తేలుతుంది. అది చెరువు కాదని చెప్పి అమ్ముకోవచ్చు. కాబట్టి మీ నడకలో అలుగు దగ్గర ఆగండి. పాత రాతికట్టు మీద కొత్తగా కొట్టిన గాట్లున్నాయా, సిమెంటు అతుకులున్నాయా చూడండి. సర్వేయరును పెట్టించి అలుగు మట్టం కొలిపించి, మ్యాపులోని అంకెతో పోల్చండి. ఎగువన ప్లాట్ల వెంచర్ ఉందన్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం.

శిఖం భూముల్లో, అంటే చెరువు నీళ్లు పరుచుకునే నేలలో, కొన్నిచోట్ల పట్టాలుంటాయి. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు వాళ్లకుంది, ఇల్లు కట్టుకునే హక్కు లేదు. ప్లాటు కొన్నవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పి ఉండరు. వాళ్లను శత్రువుల్లా చూడకుండా కాగితాలు తెచ్చుకోమనండి.

హైడ్రా 2024 జూలైలో ఏర్పడింది. సోమవారాలు బుద్ధభవన్‌లో ప్రజావాణి పెట్టి ఫిర్యాదులు తీసుకుంటోంది. మీరు నోరు మూసుకుంటే ఎవరూ రారనుకోకండి. ఊరివాళ్లు వెళ్లొచ్చు, పక్క వెంచర్ వాళ్లు వెళ్లొచ్చు. మీ గోడ నిజంగా బఫర్‌లో ఉంటే ముందే తెలుసుకుని గోడ వెనక్కి జరుపుకోవడం మేలు. గోడ పోయినా ఇల్లు ఉంటుంది.

ఇంకొకటి. బాగుచేస్తామని ఎవరైనా వచ్చి చుట్టూ కట్ట పోసి వాకింగ్ ట్రాక్ వేస్తామంటే ఒప్పుకోకండి. మన చెరువుకు కట్ట ఒక వైపే ఉంటుంది. మిగతా వైపుల నుంచి నేల వాలుగా దిగి నీళ్లు వస్తాయి. ఆ లోతు తక్కువ అంచుల్లోనే తుంగ, జమ్ము పెరుగుతాయి, పక్షులు అక్కడే తింటాయి, మురుగు అక్కడే కొంత వడపోసుకుంటుంది. చుట్టూ కట్ట పోస్తే పళ్లెం కాస్తా గిన్నె అవుతుంది. వాన నీళ్లు లోపలికి రావడానికి దారి లేక కాలనీలోనే నిలుస్తాయి. అలుగు కాలువకు అడ్డంగా కూడా ఏమీ కట్టనివ్వకండి. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి నీళ్లు హైవే మీద పడ్డాయి, అదే వారంలో గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. మిగులు నీళ్లు పోయే దారి ఇరుకైన కొద్దీ భారమంతా కట్ట మీదే పడుతుంది.

వలకట్టు

అన్నా, అందరు మంచిగ చెప్పిన్రు గని చాపలోళ్లను ఎవలు యాది చేయలే. నీ చెరువుకు మత్స్య సొసైటీ ఉంటది, ఊర్ల అడుగు. చాపల మీద హక్కు వాళ్లదే. మా నాయిన, తాత గిదే పని. నేను ఇప్పుడు కంపెనీల చేస్తున్న గని, సెలవు దొరికితే వల మీదికే పోత.

మీరు కిటికీల నుంచి చూస్తరు, వాళ్లు నీళ్లల్ల ఉంటరు. ఏ పైపుల నుంచి రాత్రి పూట నురుగు వస్తది, ఏడ దిగితె కాళ్లు దురద పెడ్తయి, ఏ మూలకు చాప పోదు, వాళ్లకు ఎరుక. తొలకరి వానకు చాపలు తేలుడు చూసే ఉంటవు. ఎండాకాలమంత నాలాల కుళ్లిన బురద ఒక్కపారి చెరువుల వడ్తది, తెల్లారెటాళ్లకు నీళ్లల్ల గాలి అయిపోతది. ముందుగాల బొచ్చె, రవ్వ సస్తయి. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్సుకుంటది, అది బతుకుతది. కొర్రమీను ఒక్కటే దొరుకుతుందంటె ఆ చెరువు బాగలేనట్టే. అందుకనే మే నెల ఆఖరుకు, వానలు పడకముందుకే నాలాల పూడిక తీపియ్యాలె. తీసిన బురద ఒడ్డున కుప్ప పోసి పోతరు, వానకు మల్ల అండ్లనే వడ్తది. లారీల ఎత్తి పంపెదాక ఆడనే నిలబడు.

గుర్రపుడెక్కకు మందు కొట్టుమని ఎవడన్న అంటె అస్సలు ఒప్పుకోకు. సచ్చిన ఆకు అడుగుకు పోయి కుళ్లుతది, ఉన్న గాలి గుంజుకుంటది, చాపలన్ని పోతయి. చేతితోని, పడవలతోని గుంజాలె. పువ్వు పూయకముందుకే గుంజాలె, ఇత్తనం అడుగున పడ్డదంటె ఏండ్లకేండ్లు ఉంటది. అంత ఒక్కపారి కూడ తియ్యొద్దు. మురుగు వస్తుండంగ డెక్కంత తీసేస్తె ఎండ వడి నీళ్లు పచ్చగ పాచి వడ్తయి, అది ఇంక ఖరాబు. జర జర తియ్యిండ్రి. పని సొసైటీ వాళ్లకే ఇయ్యిండ్రి, కూలి ఇయ్యిండ్రి. బయటి కాంట్రాక్టరు జేసీబీ దించితె కట్ట కోసుకుపోతది.

తూర్పు బాల్కనీ

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఈ రెండు రోజుల్లో చేసింది రాస్తున్నాను. మా ఎస్‌టీపీ బిల్లులు తీయించాను. గత చలికాలం నుంచి బిల్లు దాదాపు సగానికి పడిపోయింది. మా సెక్రటరీ గారికి చూపించాను. ఆయన కాసేపు చూసి, జాడీ ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

చెరువు మ్యాపు కూడా దొరికింది, ఇంకా ప్రిలిమినరీలోనే ఉంది. అందులో విస్తీర్ణం 24 ఎకరాల చిల్లర. గుంటలు స్పష్టంగా కనిపించడం లేదు, కాబట్టి 9 మీటర్లా 30 మీటర్లా అన్నది ఇంకా తేలలేదు. సర్వేయరు కోసం అడుగుతున్నాం.

వల అన్నా, మత్స్య సొసైటీ పెద్దమనిషిని మా ఆటో డ్రైవర్ ద్వారా కలిశాను. మా అపార్ట్‌మెంట్ నుంచి ఒక మనిషి తన దగ్గరికి రావడం ఇదే మొదలన్నాడు. చాలా సిగ్గేసింది.

ఇంకా రెండు అడగాలి. ప్లాట్ల వెంచర్ ఓనర్లు సగం మంది అమెరికాలో ఉన్నారు, మిగతావాళ్లు ఫోన్ ఎత్తరు. వాళ్లను ఎలా తేవాలి? సంఘాన్ని రిజిస్టర్ చేయించాలా, గ్రూపుగా ఉంటే చాలా?

కట్టమైసమ్మ వీధి

తమ్ముడూ, మీరు రెండు రోజుల్లో ఇంత చేస్తారనుకోలేదు. మీ సెక్రటరీ గారిని వదలకండి, ఆయనే ముందుకొచ్చి మాట్లాడాలి, మీరు వెనక ఉండండి. జాడీ ల్యాబ్ సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది, ప్లాస్టిక్‌ది వద్దు, గాజుదే తీసుకోండి.

అమెరికాలో ఉన్న ప్లాటు ఓనర్లకు చెరువు బాగుచేద్దాం రండని రాస్తే జవాబు రాదు. ఎఫ్‌టీఎల్ మ్యాపు మీద వాళ్ల సర్వే నంబర్లు గుర్తుపెట్టి, ఆ ఒక్క కాగితం పంపండి. ప్లాటు గీత లోపల ఉందో బయట ఉందో తెలుసుకోవాలని వాళ్లకూ ఉంటుంది. నోటిఫికేషన్ ఫైనల్ కాకముందే మాట్లాడాలని ఇంజనీరు గారు చెప్పినది కూడా రాయండి. మాకు మొదట ఫోన్ చేసింది డల్లాస్ నుంచి ఒకాయన. ఇప్పుడు ప్రతి మీటింగ్‌కూ వాళ్లకు రాత్రయినా వీడియోలో కూర్చుంటారు.

రిజిస్టర్ తప్పకుండా చేయించండి. మన రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు. వాట్సాప్ గ్రూపు పేరుతో ఏ ఆఫీసూ ఉత్తరం తీసుకోదు, బ్యాంకు ఖాతా తెరవదు. నియమావళి రాసేటప్పుడు మూడు మాటలు మాత్రం గట్టిగా పట్టుబట్టి పెట్టించండి. కార్యవర్గంలో ఊరి నుంచి ఇద్దరు, మత్స్య సొసైటీ నుంచి ఒకరు ఉండాలి, వాళ్లకు చందా ఉండకూడదు. చెక్కుల మీద రెండు సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే అపార్ట్‌మెంట్ వాళ్లు కాకూడదు. ప్రతి ఎస్‌టీపీ కరెంటు బిల్లూ నెలనెలా అందరికీ కనపడేలా నోటీసు బోర్డు మీద పెట్టాలి. మొదటి రెండింటికీ ఎవరూ అడ్డు చెప్పరు. మూడోదాని మీద గంటసేపు వాదన జరుగుతుంది, జరగనివ్వండి, కానీ ఆ మాట తీసేయనివ్వకండి.

నియమావళి మా దగ్గర తెలుగులో టైపు చేసినది ఉంది. మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.